పులిచింతాకు

ఇవాళ పొద్దున మదనపల్లెలో మా మేడ మీద, కరివేపాకు కుండీలో పులిచింత మొలిచి కనిపించింది. మూడు రేకుల ఆ పుల్లటి ఆకును బడి గోడ పక్కన తెంపుకుని నమిలేవాళ్ళం, గుర్తుందా? సిస్టర్ నన్ను మెచ్చుకున్న సంగతి మీకు చాలాసార్లు చెప్పాను. సగమే చెప్పాను.

పుంగనూరులో మన చిన్న బడిని ఐర్లాండు నుంచి వచ్చిన సిస్టర్ నడిపేవారు. మార్చిలో వాళ్ళ దేశపు పండుగ రోజు అందరం చొక్కాకు పచ్చ రిబ్బను పెట్టుకునేవాళ్ళం. పాటలు, కొబ్బరి బిస్కెట్లు, గ్లాసుడు నిమ్మకాయ నీళ్ళు.

మీరంతా పై తరగతుల్లో ఉండేవాళ్ళు, మా మూడో తరగతిలో లీడర్ని నేను. ఆ రోజు నూర్జహాన్ రిబ్బనుకు బదులు పులిచింత రెమ్మను పిన్నుతో గుచ్చుకుని వచ్చింది.

"రిబ్బన్ యాడమ్మే?"

"మాయమ్మ కొనీలేదు. ఇది గూడా పచ్చగానే ఉండాది గదా!"

"గడ్డి పెట్టుకోనొస్తివా?" అని పీకి కిటికీలోంచి విసిరేశాను. క్లాసంతా నవ్వింది.

కాసేపటికి సిస్టర్ వచ్చి బోర్డు మీద మూడు రేకుల ఆకు గీశారు. "మా ఊళ్ళో పిల్లలు రిబ్బను కాదు, ఇలాంటి ఆకు పెట్టుకుంటారు. ఇక్కడ ఎక్కడైనా చూశారా?"

అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. బయటికి పరుగెత్తి, నేను విసిరేసిన ఆ రెమ్మనే ఏరి తెచ్చిచ్చాను. సిస్టర్ దాన్ని తన గౌనుకు పెట్టుకుని నా తల నిమిరారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. చొక్కాకు ఉత్త పిన్నుతో, నూర్జహాన్ కూడా.