ఉదయకిరణ్ వాయిస్తే పాట ఎప్పుడొస్తుంది?

ఉదయకిరణ్‌కు ఏ పనైనా నేరుగా మొదలుపెట్టడం చేతకాదు. రియాద్ శివార్లలో, సులైలోని లేబర్ క్యాంపు మొత్తానికీ ఈ సంగతి తెలుసు. అక్కడి ఒంటెలకు కూడా తెలుసని అతని గదిలోనే ఉండే లింబాద్రి వాదన. "అన్నం తిన్నవా అన్నా?" అంటే బియ్యం కడిగిన కాడ నుంచి ఎత్తుకుంటాడు. తిన్నాడో లేదో తేలేసరికి అడిగినవాడికి మళ్ళీ ఆకలేస్తుంది.

తప్పంతా ఒక జర్మనీ పాటది. రాజమండ్రిలో వాళ్ళ లూథరన్ చర్చి ఆర్గన్ మీద చిన్నప్పుడు నేర్చుకున్నాడు. మూడొందల ఏళ్ళ కిందటిది. అడుగున ఉన్నది నాలుగు పాదాల చిన్న కీర్తన, వాళ్ళ చర్చిలో తెలుగు మాటలతో పాడుకునేదే. కానీ ఆర్గన్ కోసం అల్లినాయన దాన్ని ఊరికే రానివ్వలేదు. ముందు వేళ్ళు ఊరంతా తిరిగొస్తాయి, అప్పుడు ఒక పాదం. మళ్ళీ ఊరు తిరగడం, మళ్ళీ ఒక పాదం.

ఏసీ డక్టుల పని ముగించుకుని గదికి రాగానే, బత్తా బజార్లో కొన్న చిన్న కీబోర్డు ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆర్గన్‌కు కాళ్ళతో వాయించే మెట్లుంటాయి కదా, అవి నేల మీద చాక్‌పీసుతో గీసుకున్నాడు. వాటి మీద ఎవరి చెప్పు పడినా కేకే.

"అయ్యో, మంద్రం మీద నిలబడ్డావయ్యా బాబూ!"

"చప్పుడే లేదు గదనే!"

"నీకు లేదు. నాకుంది."

పక్క మంచం లింబాద్రిది. మెట్‌పల్లివాడు. ఏడో తరగతిలో బడిని తనే వద్దన్నానని చెప్పుకుంటాడు. ఓ పావుగంట విని, "పాటేది అన్నా?" అనేవాడు.

"ఆగు తమ్ముడూ, వస్తుంది."

లింబాద్రి లుంగీ ఉతికి, ఆరేసి, ఆరాక మడతపెట్టి వచ్చినా రెండో పాదం వచ్చేది కాదట.

ఒక మంగళవారం, రేకు నాలుగంగుళాలు పొట్టిగా కోశావని ఫోర్‌మన్ ఇస్మాయిల్ ఇరవైమంది ముందు లింబాద్రిని తిట్టాడు. అతను కోసింది కాగితం మీదున్న కొలతకే. ఊళ్ళో ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగి ఉంది. కొలువు పోతే ఇక మిగిలేవి మొండిగోడలే. అయినా కోపం ఆ మాట విననిస్తేనా!

"అన్నా, నాకు ఫైనల్ ఎగ్జిట్ కావాలె. కొలువు ఇడిసి ఇంటికి పోత, ఈ దేశమే వద్దు. ఇంగ్లీషుల లెటర్ రాయి, ఇప్పుడే."

క్యాంపులో అర్జీలన్నీ రాసేది ఉదయకిరణే. "రాస్తాను. ఇదిగో, తేదీ వేశాను. ముందు నువ్విక్కడికి ఎలా వచ్చావో రాయాలి కదా. ఎయిర్‌పోర్టుకి బస్సులో వెళ్ళావా, జీపులోనా?"

"జీపెందుకే నడుమ!"

"నేరుగా అడిగేస్తే మర్యాదగా ఉండదు. అసలు మాట వస్తుంది, ఆగు."

బుధవారం కాగితంలో లింబాద్రి విమానం ఎక్కాడు. శుక్రవారానికీ దిగలేదు. అతను పళ్ళు కొరికితే ఆ చప్పుడు జెద్దా రేవులో ఓడలవాళ్ళకు వినిపించింది.

శనివారం పొద్దున ఇస్మాయిలే వచ్చాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన కాగితంలోనే అంకె తప్పట. అదే ఇరవైమంది ముందు "గల్తీ మేరీ థీ, భాయ్" అని తప్పు ఒప్పుకుని భుజం మీద చెయ్యేశాడు.

సాయంత్రం లింబాద్రి గదికి ఒకటే పరుగు. "అన్నా, లెటర్ ఇచ్చినవా?"

"ఇంకా ఎక్కడ? కిటికీలోంచి రియాద్ ఇప్పుడే కనబడుతోంది."

అప్పుడే పక్కగది రాజేశం వచ్చి, కూతురి కాన్పుకు సెలవు చీటీ కావాలన్నాడు. ఉదయకిరణ్ చాయ్ చల్లారేలోపు రాసి చేతిలో పెట్టి, స్నానానికి పోయాడు. లింబాద్రి నోరు తెరిచాడు.

"గిదేందే రాజేశం మామా! ఐదు దినాలాయె, నాది విమానమే దిగలే. నీది ఐదు నిమిషాలల్ల అయిపాయె!"

"నీది కోపం లెటరురా. పోయినేడు నాదీ గంతే. పదకొండు దినాలు రాసినా కాగితంల నేనింకా బడిలనే ఉన్న. గంతల నా కోపం పాయె."

మర్నాడు కడప మస్తాన్ వలీ బూట్లు విసిరికొట్టి గదిలోకి వచ్చాడు. "ఉదయన్న యాడబ్బా? నాకు ఎగ్జిట్ రాయాల. ఇప్పుడే రాయాల!"

లింబాద్రి బల్ల మీది పెన్ను మెల్లగా తన జేబులో వేసుకుని, మంచం మీద చోటిచ్చాడు.

"కూసో వలీ భాయ్, మొదలు చాయ్ తాగు. గీ పెన్నొక్కటి కనవడ్తలేదు... ఇద్దరం ఎతుకుదాం తియ్యి."