ముందు సొంతవాడి పేరు

నేను భయస్తుణ్ణి. నోరు పెద్దది కాబట్టి క్యాంపులో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

గల్ఫ్‌లో, రుస్తాఖ్ అనే ఊళ్ళో మా కంపెనీ క్యాంపు వెనక, రోలర్‌తో చదును చేసిన నేల మీద, ప్రతి శుక్రవారం ఎండ చల్లబడ్డాక వాలీబాల్ ఆడేవాళ్ళం. మోకాలు చెడిపోక ముందు నేనూ టీమ్‌లో ఉన్నవాణ్ణే. చెడిపోయాక ఖాళీ పెయింట్ డబ్బా ఒకటి బోర్లించుకుని, గీత పక్కన కూర్చుని, ఆడేవాళ్ళను తిట్టడం మొదలుపెట్టాను. ఆడిన రోజుల్లో రాని పేరు ఈ తిట్లతో వచ్చింది.

మా టీమ్‌లో లిఫ్టర్ నా బామ్మర్ది. లిఫ్టర్ అంటే కొట్టేవాడికి బంతిని నెట్ మీదికి లేపి ఇచ్చేవాడు. పాయింటు వస్తే పేరు కొట్టినవాడిది, పోతే తప్పు లేపినవాడిది. నా భార్యకు వాడొక్కడే తమ్ముడు. వీసా ఇప్పించి తెచ్చింది నేనే. వాడికి ఫిట్స్ వస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ నిద్ర చాలనప్పుడు. మాత్రలు ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకునేవాళ్ళం. వీసా మెడికల్‌లో వాళ్ళు అడగలేదు, మేము చెప్పలేదు. బయలుదేరే రోజు నా భార్య నన్ను పక్కకు పిలిచి ఒక్కటే మాట అంది.

"వాణ్ణి నీ కండ్ల ముంగటనే పెట్టుకో. ఇంకేం జెయ్యకున్నా మంచిదే."

పెట్టుకున్నాను. రూమ్‌లో కింది మంచం వాడికిచ్చి, చెడిన మోకాలితో పై మంచం నేనెక్కేవాణ్ణి. బామ్మర్దిని ముద్దు చేస్తున్నాడని అందరూ నవ్వేవాళ్ళు. సైట్లో ఇద్దరిదీ స్టీల్ పనే. ఫోర్‌మన్‌ను హిందీలో బతిమాలి, వాణ్ణి కింద కడ్డీలు కోసి వంచే చోటే ఉంచాను. స్లాబు మీదికి, పరంజా మీదికి ఎక్కనివ్వలేదు. మూడేళ్ళలో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ రూమ్‌లోనే, నాలుగుసార్లూ నేను పక్కనే ఉన్నాను. జ్వరపు వణుకని రూమ్‌లో వాళ్ళకు చెప్పాను. నమ్మారు.

ఆట అయ్యాక చాయ్ తాగుతూ మేము ఇంకో ఆట ఆడేవాళ్ళం. మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, మూడు కంపెనీలు. మాది ఒకటి, మత్రాలో ఒకటి, సలాలాలో ఒకటి. మూడింటికీ మూడు టీమ్‌లు. పనిని బట్టి మనుషులను ఇటు నుంచి అటు మార్చడం జీఎం చేతిలో ఉండేది. పాత జీఎంకు ఆట పిచ్చి. మనిషిని మార్చేటప్పుడు వాడు ఆడతాడా లేదా అని కూడా చూసేవాడు. దాంతో ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకుంటే కప్పు వస్తుందో తేల్చే బాధ్యత మేము నెత్తికెత్తుకున్నాం. ఈ ముచ్చటకు ఒక కట్టుబాటు ఉండేది. నోరు తెరిచేవాడు ముందు తన సొంతవాడి పేరు చెప్పాలి. తమ్ముడో, ఊరివాడో, రూమ్‌లో వాడో. వాణ్ణి ఇచ్చేశాకే వేరేవాళ్ళ జోలికి వెళ్ళాలి. అలా చెప్పనివాడి మాట ఎవరూ వినరు.

పాత జీఎం చేసిన మార్పిడులన్నీ మాకు కంఠతా వచ్చు. వాటిని తవ్వి తీయడంలో మా మేస్త్రి దిట్ట. యాభై దాటిన మనిషి, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడే జుట్టు తెల్లబరచుకున్నాడు.

"ఆరడుగులోన్ని మత్రకిచ్చి ఇద్దరు షట్టరింగ్ కార్పెంటర్లను తెచ్చిండు. ఇద్దరు ఒకని మీద ఒకడు నిలవడ్డా నెట్ అందదు" అనేవాడు.

ఆ ఆరడుగులవాడు తర్వాతి టోర్నమెంటులో మత్రా తరఫున మా మీదే ఆడాడు. మొదటి పాయింటు కొట్టి మా వైపు తిరిగి చేతులు జోడించాడు. రెండోదానికి జోడించలేదు. ఇంకోసారి మా ప్లంబర్‌ను సలాలాకిచ్చి, అక్కడ గొప్పగా ఆడతాడన్నవాణ్ణి తెచ్చుకున్నాం. వచ్చినవాడి భుజం అప్పటికే పాడైపోయింది. ఆ ఏడాది కప్పూ రాలేదు, ఆర్నెల్లపాటు బాత్రూముల్లో నీళ్ళు కారడమూ ఆగలేదు.

పోయిన చలికాలం కొత్త జీఎం వచ్చాడు. కోస్తా వైపు మనిషి, తెలుగువాడు. మనవాడు వచ్చాడని అందరూ సంబరపడ్డారు. మేస్త్రి ఒక్కడే మూతి విరిచాడు.

"మనోడైతేనే భయం. మనం మాట్లాడేది ఆయనకు సమజైతది."

అప్పుడు నవ్వాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం, బంతి నా బామ్మర్ది చేతుల మీదికి వచ్చింది, వాడు లేపలేదు. చేతులు అలాగే పైకెత్తి నిలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. బంతి భుజానికి తగిలి కింద పడింది. కొంచెంసేపటికి తేరుకుని, అందరూ ఎందుకు చూస్తున్నారో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. ఇంతకు ముందు ఇలా ఎప్పుడూ లేదు. ఇది ఆ జబ్బులో కొత్త రకమని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరైనా పట్టేస్తారేమోనని, అందరి ఆలోచననూ పక్కకు తిప్పడానికి, డబ్బా మీద నుంచి లేచి గొంతు చించుకున్నాను.

"నిద్రవోతున్నవారా? తిని తిని ఒళ్ళు బద్ధకమైంది నీకు!"

అందరూ నవ్వారు. గండం గడిచింది. వాడు తలదించుకున్నాడు. మరుసటి శుక్రవారం మళ్ళీ అలాగే జరిగింది. మళ్ళీ అరిచాను, ఇంకా గట్టిగా. రూమ్‌లో మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాను. వేసుకుంటున్నానన్నాడు. అంతకు మించి మాట్లాడే ధైర్యం నాకు రాలేదు. మాట్లాడితే నిజమైపోతుందన్నట్టు ఊరుకున్నాను.

ఆ రెండో శుక్రవారమే కొత్త జీఎం ఆట చూడ్డానికి వచ్చాడు. మడత కుర్చీ వేసుకుని మాతో కూర్చున్నాడు. మేమిచ్చిన చాయ్ తాగాడు. ఆట అయ్యాక ఎప్పటిలాగే మార్పిడి ముచ్చట మొదలైంది. ఆయన కాసేపు విని, చిరునవ్వుతో నా వైపు తిరిగాడు.

"మీరు చాలాసేపటి నుంచి అరుస్తున్నారు కదా. చెప్పండి, ఎవర్ని ఇచ్చేద్దాం?"

జీఎం అంతటివాడు అడిగాడని ఉబ్బిపోయాను. కట్టుబాటు ప్రకారం సొంతవాడి పేరు ముందు చెప్పాలి. పైగా వాడు ఆగిపోయిన సంగతి మీద ఎవరి ధ్యాసా ఉండకూడదు.

"నా బామ్మర్దినే ఇచ్చేయుండ్రి సార్! ఒట్టి బద్ధకపోడు. సలాలకు తోలుండ్రి, కొబ్బరి తోటల పండుకుంటడు."

ఇరవై మంది పగలబడి నవ్వారు. జీఎం కూడా నవ్వాడు. అవతల నెట్ విప్పుతున్న నా బామ్మర్దీ నవ్వాడు.

ఆదివారం పొద్దున మెస్ గోడకు కాగితం అంటించారు. సలాలాలో పోర్టు దగ్గర గోదాములు కడుతున్నారు, గురువారం బస్సుకు నలుగురు వెళ్ళాలి. మూడో పేరు వాడిది.

చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. గోదాములంటే ఎత్తు పని. పొద్దస్తమానం పరంజా మీద. సలాలా అంటే పగలంతా బస్సులో కూర్చుంటే గానీ రాని చోటు. అక్కడ కింది మంచం ఇచ్చేవాడు లేడు, జ్వరమని చెప్పేవాడు లేడు, పక్కకు ఒత్తిగిలించి పట్టుకునేవాడు లేడు. అంత ఎత్తున వాడు కడ్డీ పట్టుకుని నిలబడి, చేతులెత్తి, చూపు లేకుండా ఆగిపోవడం నా కళ్ళ ముందు ఆడింది. ఆ రోజు సైట్లో రెండుసార్లు కడ్డీలకు కట్టే వైరు బదులు వేలు మెలిపెట్టుకున్నాను. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తలేదు. నా భార్య గొంతు వింటే చెప్పేస్తానని భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని భయం.

సాయంత్రం రూమ్ బయట వాడితో అన్నాను, జీఎం దగ్గరికి పోయి జబ్బు సంగతి చెప్పేస్తానని.

"వద్దు బావా. చెప్తే ఇంటికి పంపుతరు. నేనేదో జూసుకుంట. మాత్రలు తప్పకుంట ఏసుకుంట."

"పరంజా మీద ఏం జూసుకుంటవురా?"

"వాళ్ళను గూడ బతిమాలుత, నువ్వు బతిమాలినట్టు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. వాడు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. మంగళవారం వరకూ నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. ఆ మూడు రోజుల్లో నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో లెక్క లేదు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ జీఎం పోర్టా క్యాబిన్ తలుపు తట్టాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"సార్, సలాల లిస్టుల నా బామ్మర్ది పేరున్నది. వానికి బదులు నన్ను పంపుండ్రి."

"పైకెక్కి పనిచేసేవాళ్ళు కావాలన్నారండీ వాళ్ళు. ఆ మోకాలితో మీరేం ఎక్కుతారు? అయినా ఆ పేరు మీరు చెప్పిందేగా."

"అది ఆట ముచ్చట సార్. మాలో మేము గట్లనే అనుకుంటం."

"నేను ఆట చూడ్డానికి రాలేదండీ. ఎవరు ఎలాంటివాళ్ళో ఈ గదిలో కూర్చుంటే తెలీదు కదా, అందుకొచ్చాను. సొంత బావే బద్ధకస్తుడంటే నమ్మనా?"

ఆయన కోపంగా లేడు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. పెన్ను పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"మీరు ఆ రోజు చెప్పింది నిజమా, అబద్ధమా? ఒక్కటి చెప్పండి చాలు."

వెనక తలుపు చప్పుడైంది. నా బామ్మర్ది. నేను ఇటు రావడం చూసి వెంట వచ్చాడు. వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. వాడి వైపు చూస్తే చెప్పలేనని గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ చెప్పాను.

"అబద్ధం సార్. వాడు బద్ధకపోడు కాదు. వానికి ఫిట్స్ ఉన్నయి. మూడేండ్ల సంది నేనే దాచిన. ఆటల బంతి చేతులకొచ్చినంక ఆగిపోయిండు సూడుండ్రి, అది గదే. ఆ సంగతి ఎవరికీ దొరకొద్దని నేను తిట్టిన."

జీఎం లిస్టు తీసి ఆ పేరు కొట్టేశాడు. రేపటి నుంచి స్టోర్‌లో కూర్చోబెడతానని, ఈ వారమే డాక్టరుకు చూపిస్తానని చెప్పాడు. డాక్టరు ఇంటికి పంపమంటే తన చేతిలో ఏమీ లేదన్నాడు. ముందే చెప్పాల్సిందండీ అని మాత్రం రెండుసార్లు అన్నాడు. నాకు రెండుసార్లూ తల ఎత్తాలనిపించలేదు.

బయటికొచ్చి ఇద్దరం ఆట స్థలం మీదుగా నడిచాం. వాడు తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా సరేననుకున్నాను. నెట్ గుంజ దగ్గర ఆగాడు.

"ఆటల ఆగిపోయిన్నా నేను?"

"రెండుసార్లు."

"నాకెరుకనే లేదు బావా. బంతి ఎప్పుడు కింద పడ్డదో గూడ ఎరుక లేదు. నువ్వు బద్ధకం అంటే, నిజంగనే బద్ధకమైందేమో అనుకున్న."

వాడు గుంజకు ఆనుకున్నాడు.

"పది రోజుల సంది నాలుగింటికే లేస్తున్న. అందరు లేవకముందే గోడకు కొట్టుకుంట ప్రాక్టీస్ జేస్తున్న. నీతోని తిట్లు పడొద్దని."

రోజూ తెల్లవారకముందే కింది మంచం కిర్రుమనడం నేను విన్నాను. బాత్రూము దగ్గర లైను పెరగకముందే వెళ్తున్నాడనుకుని అటు తిరిగి పడుకున్నాను. వాడికి కావలసింది ఒక్క నిద్ర. కంటి ముందు పెట్టుకుని, కింది మంచం ఇచ్చి, పరంజా ఎక్కనివ్వకుండా మూడేళ్ళు కాపలా కాసి, ఆ నిద్ర నా నోటితోనే చెడగొట్టాను. రెండో శుక్రవారం వాడు ఆగిపోయింది మొదటి శుక్రవారం నేను అరిచిన అరుపు వల్ల. డబ్బా అక్కడే ఉంది. దాని మీద కూలబడ్డాను.

వాడు నా పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కాసేపు బూట్ల మీది దుమ్ము దులుపుకున్నాడు.

"ఈసారి నాకట్లైతే అరువకు బావా" అన్నాడు. "వచ్చి బంతి పట్టుకో."

సరేనన్నాను.