మజ్జిగ దొరకని చేతులు

బస్సు జూలూరుపాడు దాటగానే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు అందరూ ముక్కు మూసుకుని తుమ్ముతారు. నాకు మాత్రం మా అమ్మ చేతులు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

మాఘమాసం వచ్చిందంటే మా తండా ఆడవాళ్లంతా తెల్లవారకముందే జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం మూటగట్టుకుని, మంచులో పాటలు పాడుకుంటూ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన శిరీష వాళ్ల మిరపతోటకు కూలికి పోయేవారు. శిరీష నా క్లాసే. సాయంత్రం కాయలు కోసి కోసి మండే చేతుల మీద వాళ్లమ్మ ఊరి కూలీలకు చెంబుతో మజ్జిగ పోసేది, తండావాళ్లను మాత్రం కాలువకు పొమ్మనేది. ఆ చేతులు తగిలితే నాకు మండుతుందని అమ్మ నన్ను మోచేత్తో దగ్గరకు లాక్కునేది.

బడిలో ఊరి పిల్లలకూ తండా పిల్లలకూ నల్లా దగ్గర రోజూ కొట్లాటే. మమ్మల్ని కలపడానికి పట్నం నుంచి ఒక మేడం వచ్చి, శనివారాలు వరండాలో అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి మనసులో ఉన్నది చెప్పుకోమనేది. ఇక్కడి మాట బయటికి పోదని మాటిచ్చింది. నేను నమ్మాను.

"శిరీష వాళ్లమ్మ మా అమ్మ చేతులకు మజ్జిగ పొయ్యదు" అన్నాను.

మేడం చప్పట్లు కొట్టించింది. శిరీష నన్ను కౌగిలించుకుంది, ఇంటికెళ్లి అంతా చెప్పేసింది. సోమవారం అమ్మను తోట గట్టు మీదనుంచే వెనక్కి పంపారు. ఆ ఏడు కోతలు అయిపోయేదాకా మళ్లీ పిలవలేదు.

"గా ముచ్చట బడిల ఎందుకు చెప్పినవ్ బిడ్డా" అన్నది అమ్మ, అంతే. తిట్టి ఉంటే నా కోపం అప్పుడే చల్లారేదేమో. మేడంతో చెప్పుకుంటే, పెద్దవాళ్ల విషయాలు మనకెందుకంది.

ఇప్పుడు ఆ మేడం పని నేనే చేస్తున్నాను. బడిబడికీ తిరిగి పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తాను, మహా ఓపిక అని పేరు కూడా తెచ్చుకున్నాను. నిరుడు ఒక బడిలో శిరీష కూతురు నా ఎదుట ఏదో చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాడు శిరీష బడి గేటు దగ్గర నాకోసం కాపు కాసింది.

"ఏం చెప్పిందే అది? నా గురించేనా?"

"పిల్లల మాటలు బయట చెప్పం గదా శిరీషా."

"ఇంట్లో నాతో మాట్లాడటమే మానేసిందే. ఒక్క ముక్క చెప్పు, నీకు దణ్ణం పెడతాను."

ఎండలో చాలాసేపు బతిమాలింది. నిజం చెబుతున్నాను, నాకు ఎంతో హాయిగా ఉంది. ఆ తోట ప్లాట్లయింది, కాలువ పూడిపోయింది, ఆ పాటలు పాడే ఆడవాళ్లలో అమ్మతో సహా చాలామంది పోయారు. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ పిల్ల చెప్పింది ఇంతే: అమ్మంటే తనకు ప్రాణమట, ఆ మాట అమ్మతో ఎలా చెప్పాలో తెలియడం లేదట. శిరీషకు అది నా నోటితో మాత్రం చెప్పను.