మూడు పేర్ల కాగితం

అరవైల మొదట్లో మా నాన్న ఒకే ఒక్క వేసవి మామిడికాయ కొలంబోకి పంపాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, ముందు నా మీద నాకే.

నూజివీడు పక్కన మా తోట. బంగినపల్లి కాయ బుట్టలకెత్తి రైల్లో మద్రాసుకి, అక్కణ్ణించి ఓడలో. నెల తిరక్కుండా కొలంబో వర్తకుడు ఉత్తరం రాశాడు. కాయ పండలేదు, ముడతలు పడి కుళ్లింది, మీరు లేతకాయ కోసి పంపారు అని. నష్టం సంగతి అలా ఉంచి, ఆ 'లేతకాయ' అన్న మాటే నాన్నకి గుచ్చుకుంది. ముప్పై ఏళ్లుగా మా తోటలో కోతంతా ఒక్క మనిషి చేతి మీదుగానే జరిగేది. కాయ భుజాలు నిండి ముదిరిందని అతనంటేనే నాన్న కోతకి చిక్కం కర్ర ఎత్తనిచ్చేవాడు.

ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో స్కూలు ఫైనలు చదివినదాన్ని నేనే గనక చదివి చెప్పే పని నాది. తగాదా వస్తే ముగ్గురు కూర్చుని తేల్చాలి. ఇటొకరు, అటొకరు. మూడో ఆయన అధ్యక్షుడు, రెండు దేశాల్లో దేనికీ చెందకూడదు.

లాయరైన మా మేనమామ ఉండగా, నాన్న బాపులపాడులో మాతో ఎప్పుడూ పడని ఒక పెద్దాయన్ని మా వైపు పెట్టాడు. మన తరఫు పెద్దమనిషి ముందు మనకే నాలుగు చివాట్లు పెట్టాలి, అప్పుడే ఆయన మాటకి విలువ. మా ఊళ్ల పద్ధతి అది. ఆయన ఆ పని శ్రద్ధగా చేశాడు.

తర్వాత సింగపూరులోని ఒక వర్తక సంఘం నుంచి అధ్యక్షుడి కోసం మూడు పేర్లతో కాగితం వచ్చింది. ఇరువైపులా తలా ఒక పేరు కొట్టేస్తే మిగిలిన ఆయన ఖాయం.

"ఒకటి కొట్టాలి నాన్నా," అన్నాను.

"ఏం తప్పు చేశాడని కొడతానే? ముక్కూ మొహం ఎరగని మనిషి. పెద్దరికానికి పిలిచి వద్దనడం మర్యాదేనా?"

ఒకరు కొట్టకపోతే ఆ వంతూ అవతలివాళ్లకే పోతుందని కింద సన్నక్షరాల్లో ఉంది. నేను చదివాను, చెప్పలేదు. పంచాయితీలో పేరొచ్చాక వద్దంటే జన్మకి మాటలుండవని నేర్చుకుని పెరిగినదాన్నే. నాన్న మాట నాకు గొప్పగా కూడా తోచింది.

అవతలివాడు రెండూ కొట్టాడు. మిగిలినాయన మా కాయ మోసిన ఓడల కంపెనీలోనే భాగస్తుడు. ఓడలో చల్లగదిలో పెట్టిన బంగినపల్లి ఇక పండదనీ, మా కాయ అందులోనే పెట్టారనీ, తప్పు ఓడవాళ్లదేననీ, అంతా అయిపోయాక మద్రాసులో కాయ ఓడకెక్కించిన ఏజెంటు నాకు రాశాడు. ముగ్గురూ ఏకమై లేతకాయేనన్నారు, మా పెద్దాయనతో సహా.

మరుసటి వేసవి కోతమనిషి ఎప్పటిలా వచ్చాడు. నాన్న అరుగు దిగలేదు.

"ఈ ఏడు నువ్వొద్దురా."

"కాయ లేతదని తవరూ అనుకుంటన్నారా, బాబుగారూ?"

"పెద్దమనుషుల్ని ఒప్పుకున్నాక తీర్పూ ఒప్పుకోవాలి. ముగ్గురన్నారు."

"నన్నెవరూ అడగలేదండి."

ఏజెంటు ఉత్తరం నా పెట్టెలో ఉంది. గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, నోరు విప్పలేదు. చెబితే కాగితం కింది సన్నక్షరాల సంగతీ చెప్పాల్సొస్తుందని భయం.

మేం వద్దన్న మనిషిని ఏ తోటవాళ్లూ చెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. జి. కొండూరు వైపు కూలికి పోయాడని, అక్కడే చనిపోయాడని రెండేళ్లకి విన్నాం.