సత్యభామ ముందు బ్రేకు

సత్యభామకు కోపం వస్తే వర్తూరు చెరువులో మురుగునీటి నురగ జానెడు పైకి లేస్తుందని ఆ చుట్టుపక్కల ఒక మాట ఉంది. నమ్మనివాళ్ళు నమ్మనక్కర్లేదు. కానీ మొన్నటి విజయదశమి పొద్దున ఆ నురగ కట్ట దాటి రోడ్డెక్కి, ఆగివున్న స్కూటర్లను సీట్ల దాకా కప్పేసిందని చూసినవాళ్ళున్నారు. ఆ పొద్దునే ఆమె మోటారు సైకిలు ముందు బ్రేకు పట్టలేదు.

ఆమె పుట్టింది బళేపేటలో, పట్టు నూలుకు రంగులద్దే ఇంట్లో. తండ్రి వెంకటగిరియప్ప చాయ రవ్వంత తేడా వచ్చినా నూలంతా తిరిగి తొట్లో పడేసేవాడు. కూతురికి ఆయన పట్టుదల వచ్చింది, ఆయన ఓర్పు రాలేదు. డిప్లొమా చదివి, బొమ్మసంద్రలో బేరింగులు చేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరింది. బాగున్న సరుకుకు ఆకుపచ్చ రంగు చుక్క, మళ్ళీ సరిచేయదగ్గదానికి పసుపు చుక్క, పనికిరానిదానికి ఎర్ర చుక్క. ఆమె ఎర్ర కుంచె పట్టుకుని నడిచొస్తుంటే మేనేజర్లు కూడా తమ చొక్కాలకు ఎక్కడ చుక్క పడుతుందోనని గోడవారకు జరిగేవారు.

బండి కొన్నప్పుడు ఆమె వయసు ముప్ఫై దాటింది. నీలం రంగుది, రెండువందల ఇరవైమూడు సీసీలది. ముందు సగం రేసులకు, వెనుక సగం దూరప్రయాణాలకు అన్నట్టుండేది. షోరూములో కుర్రాడు తాళంచెవి పట్టుకుని, “సార్ యాడ మేడమ్?” అని ఆమె వెనక్కి చూశాడు.

“సార్ వెనకాల కూర్చుంటాడు” అంది సత్యభామ. “తాళం ఇట్లియ్యి.”

సార్ అంటే భర్త చంద్రశేఖర్. బళేపేటలో పూజా సామగ్రి అంగడి ఆయనది. కుంకుమ, కర్పూరం, ఒత్తులు, పచ్చకర్పూరం వేసి తనే కలిపి సీసాలకెత్తే దీపారాధన నూనె. మెత్తని మనిషి. ఆ రోజు మొదలు ఇరవయ్యేళ్ళుగా ఆయన వెనక సీటు మీదే లోకం చూస్తున్నాడు. పెట్రోలు బంకులో, టోలు గేటు దగ్గర, టీ అంగడిలో ప్రతివాడూ బండి సంగతి ఆయన్నే అడుగుతాడు. ఆయన నవ్వి వేలితో ముందుకు చూపిస్తాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా సత్యభామకు ఒళ్ళు మండుతుంది. “నవ్వేదెందుకు? నోరు లేదా? ‘ఆమెది’ అని చెప్పేదానికి ఏమప్పా కష్టం?”

కొన్న బండి కొన్నట్టే ఉంచలేదామె. మణికట్లు నొప్పెడుతున్నాయని హ్యాండిలు కింద దిమ్మలు వేసి పైకెత్తింది. హోస్కోటె దాటాక గాలి గుండెకు కొడుతోందని, ప్లాస్టిక్ పలకను ఇడ్లీ గుండిగె ఆవిరి మీద మెత్తబరిచి ఎత్తైన అద్దంగా వంచింది. ఆ వారమంతా ఇంట్లో ఇడ్లీలు ప్లాస్టిక్ వాసనే. సంచులు తగిలించడానికి రెండు పక్కలా ఇనుప చట్రాలు, భర్త నడుముకు ఆనుడు దిండు, ముందు బ్రేకుకు రబ్బరు గొట్టం తీసేసి ఉక్కు అల్లికున్న గొట్టం, అన్నీ తన చేతులతోనే బిగించుకుంది. ఆదివారం పొద్దున వాకిట్లో పాత పేపరు పరిచి, కార్బురేటరు విప్పి, సన్నని రంధ్రాల్లోకి ఊది, ఎండకు ఎత్తిపట్టి చూసేది. ఆ సమయంలో పలకరించిన చుట్టాలు మళ్ళీ వాళ్ళ ఇంటికి రాలేదు.

చింతామణి దాటి మదనపల్లె వైపు వెళ్ళేటప్పుడు, రోడ్డు ఖాళీ అయ్యి, ఇంజను ఒక్క శ్రుతి మీద నిలబడి తొడల కింద తంబురాలా మోగినప్పుడు మాత్రం ఆమె ముఖంలో కోపం ఉండదని చంద్రశేఖర్ అంటాడు. అయితే వెనక కూర్చున్న మనిషికి ముఖం కనిపించదు కదా. భుజాలు చూసి చెబుతున్నానంటాడు.

ప్రతి విజయదశమికీ అలా హార్స్‌లీ కొండల దాకా పోయి రావడం వాళ్ళ రివాజు. దానికి ముందురోజు ఆయుధపూజ. ఆ రోజు సత్యభామ ఫ్యాక్టరీలో యంత్రాల పూజలో ఉంటుంది గనక ఇంట్లో బండి పూజ చంద్రశేఖర్‌ది. పూలదండ వేయొచ్చు, గంధం పూయొచ్చు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టొచ్చు. కుంకుమ మాత్రం కూడదు. “ఎర్ర చుక్క పెడితే రిజెక్టు అని లెక్క. నా బండిని నా ఇంట్లోనే రిజెక్టు చేస్తారా?” అని మొదటి ఏడాదే తేల్చేసింది. కుంకుమ అమ్ముకుని బతికే మనిషికి ఇది మింగుడుపడని మాట. అయినా మింగాడు.

ఈసారి విజయదశమి పొద్దున ఇద్దరూ బయలుదేరి చెరువు కట్ట మీదినుంచి దిగుతున్నారు. ముందున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. సత్యభామ ముందు బ్రేకు పట్టింది. పిడి రాయిలా గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగలేదు, వెన్న మీద కత్తిలా జారిపోతూనే ఉంది. వెనక బ్రేకు తొక్కి, గేరు దించి, బస్సును తప్పించి పక్కకు తిప్పింది. పండగకు అమ్ముడుపోక మిగిలిన అరటి బోదెల గుట్టలోకి బండి దూరి నిలబడింది. చంద్రశేఖర్ మాత్రం గాల్లోకి లేచి, పక్కనున్న పూలామె చేమంతి రాశిలో దేవుడి పటంలా కూర్చున్నాడు. గీత కూడా పడలేదు. పూలామె మొదట దండం పెట్టి, ఆ తర్వాత తిట్టింది.

“ఇంక చాలు భామా,” అన్నాడాయన పూలలోంచే. “బండి ముసల్దయిపోయింది. అమ్మేయల్ల.”

“ముసల్దా? బండికి నీకన్నా ముప్ఫై ఏండ్లు చిన్న వయసు!”

“గిరీష్ అడుగుతానే ఉండాడు కదా. ఇచ్చేద్దాం.”

గిరీష్ చంద్రశేఖర్ చెల్లెలి కొడుకు. ఎలక్ట్రానిక్ సిటీలో కొలువు మానేసి కాఫీ హోటలు పెడుతున్నాడు. ఈ బండిని గొలుసులతో గోడకు వేలాడదీసి, దాని కింద కుర్చీలు వేయాలని వాడి కోరిక. ఆ మాట మొదటిసారి విన్నప్పుడే సత్యభామ వాడికి పోసిన కాఫీ సగంలో వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు మాత్రం ఆమె చూపు ముందు చక్రం మీద పడింది. దసరాకు ముందే ఆ బ్రేకుకు కొత్త ప్యాడ్లు వేసింది తనే. వాటి పక్క పిన్నులకు గ్రీజు పూసిందీ తనే. చక్రంతో తిరిగే పళ్ళెం లాంటి డిస్కును ఆ ప్యాడ్లు రెండు పక్కలా నొక్కి ఆపాలి. గ్రీజు బొట్టు వాటి మీద పడివుంటే తప్పు తన చేతిదే. ఇంతకాలం లోకానికి ఎర్ర చుక్కలు పెట్టిన చేతిది.

“నా పని తప్పయితే,” అంది పళ్ళు బిగించి, “ఆదివారం వచ్చి తీసుకుపొమ్మను. నేనే గొలుసు కడతా.”

ఆ మధ్యాహ్నమే బండిని నెమ్మదిగా, వెనక బ్రేకు మీద నడుపుకుంటూ ఇస్సాకు షెడ్డుకు పోయింది. ఆమె తనే చేసుకోలేని పనులకు మొదటినుంచీ ఆ బండి ముట్టుకున్న మెకానిక్ ఇస్సాకు ఒక్కడే. గత నెలలో, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుల ఆయిల్ సీళ్ళు మార్చింది అతనే. అక్కడ నూనె కారితే తిన్నగా డిస్కు మీదే పడుతుంది.

“సీలు కారుతాండాది ఇస్సాకూ. చంపేసి ఉంటివి మమ్మల్ని.”

ఇస్సాకు వంగి ఫోర్కు చుట్టూ వేలితో తుడిచి చూపించాడు. “చూడక్కా. పొడిగా ఉండాది.”

“నేనొచ్చేలోపు ఎండిపోయుంటాది.”

“నూనె ఎండేదానికి అదేమన్నా బట్టనా? నీ గ్రీజు ఏమన్నా పడిందేమో చూసుకో.”

సత్యభామ కంటికి షెడ్డు ఎర్రబడింది. “నాకు గ్రీజు పూసేది నేర్పిస్తావా నువ్వు? నువ్వు వేసిన సీళ్ళు డూప్లికేటు!”

ఇస్సాకు చేతిలోని స్పానరు నేల మీద పెట్టాడు, చాలా మెల్లగా. “ఇన్నేండ్లలో ఒక్క డూప్లికేటు నట్టు వేసినానా నీ బండికి? పో అక్కా. ఇంక నాకాడికి తీసుకురావద్దు.”

ఆమె కిక్కు కొట్టినట్టు గేటును తన్ని బయటికొచ్చింది. ఆ గేటు ఇప్పటికీ తెరుచుకోదని, ఇస్సాకు కస్టమర్లు గోడ దూకి పోతున్నారని చెప్పుకుంటారు.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే సత్యభామ ప్యాడ్లు విప్పి వంటింట్లోకి తీసుకుపోయింది. పీల్చిన నూనె ఏదైనా సరే, కాలిస్తే పొగై బయటికి రావాలి. గ్రీజు వాసన ఆమె ఎరుగును, ఫోర్కు నూనె వాసనా ఎరుగును. గ్రీజయితే బండి గోడకెక్కుతుంది. పొయ్యి వెలిగించి, పట్టకారుతో ప్యాడును మంట మీద పట్టింది. అప్పటికే వీధిలో గిరీష్ తెచ్చిన టెంపో హారను మోగింది. గొలుసులు దించుతున్న చప్పుడు.

“అత్తా, నిదానంగా చేసుకో, తొందరేం లేదు,” అన్నాడు గిరీష్ వాకిట్లోంచి. తొందరంతా వాడి గొంతులోనే ఉంది.

ప్యాడు చిటపటలాడింది. సన్నని పొగ లేచింది. సత్యభామ ముక్కు ముందుకు పెట్టి పీల్చింది.

గ్రీజు కాదు. ఫోర్కు నూనె కాదు. ఆ వంటింటికి బళేపేట అంగడి నడిచొచ్చినట్టుంది. నువ్వుల నూనె, పసుపు, అన్నింటి పైన పచ్చకర్పూరం.

“ఏమయ్యా!”

ఆ కేక ఎంత దూరం వినబడిందో చెప్పడం కష్టం. చెరువులో కొంగలు లేచి హోసూరు దాకా పోయి అక్కడే గూళ్ళు కట్టుకున్నాయట. చంద్రశేఖర్ మాత్రం పేపరు మడిచి, తనంతట తానే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వాసన ఆయన ముక్కుకూ తగిలింది. అది ఆయన కలిపిన నూనే.

“డిస్కుకు ఏం పెట్టినావు?”

“బొట్టు.”

“ఎర్ర చుక్కా?”

“పంచాంగంలో చక్రాలతో గండం అని రాసినాడు భామా. నాకు బయం ఉంటాది కదా, వెనకాల కూర్చునేది నేను. ఆ తళతళలాడే పళ్ళేనికి పసుపు కుంకుమ నిలబడలే. అందుకని రవ్వంత నూనెలో కలిపి… మళ్ళీ నువ్వు చూస్తే అరుస్తావని మొత్తం తుడిచేసినా. శుభ్రంగా తుడిచినా! పంచె కొంగుతో!”

“తుడిచినావు,” అంది సత్యభామ. “నూనెను డిస్కంతా పూసి, దాన్ని తుడిచేది అంటావు. గండం పంచాంగంలో లేదు, నీ చేతిలో ఉండాది. దానికి నేను ఆ ఇస్సాకును తిట్టి వచ్చినా. నన్ను నేనే తిట్టుకున్నా, రాత్రీ పగలూ! నువ్వు పేపరు చదువుకుంటా కూర్చున్నావు!”

“చెప్దామనే ఉన్నా…”

“ఎప్పుడు? బండి గోడకెక్కినాకా?”

గిరీష్ గొలుసు భుజాన వేసుకుని గుమ్మంలోకి తొంగిచూశాడు. “అత్తా, ఏమాయ? బండి ఎక్కిస్తామా?”

“ఎక్కించు. బండిని కాదు, మీ మామను తీసుకుపోయి తగిలించు. కాఫీ తాగేవాళ్ళు చూసి నేర్చుకుంటారు.”

గిరీష్ గొలుసులు టెంపోలోకి ఎత్తడానికి పట్టిన సమయం, దించడానికి పట్టినదాంట్లో సగం కూడా లేదు.

సత్యభామ కాల్చిన ప్యాడ్లకు ఎర్ర చుక్క పెట్టి చెత్తలో పడేసి, కొత్తవి తీసింది. డిస్కు కడిగే పని భర్తకు అప్పజెప్పింది. ఆయన పెట్రోలు గుడ్డతో, గరుకు ఉప్పుకాగితంతో రుద్దుతుంటే, పక్కన కుర్చీ వేసుకుని తనిఖీ చేసింది. మూడుసార్లు “మళ్ళీ” అంది. నాలుగోసారి వేలితో రాసి వాసన చూసి, కొత్త ప్యాడ్లు బిగించింది. లోపలికి పోయి చిన్న పసుపు రంగు డబ్బా తెచ్చి, ఆయన హెల్మెట్టు నుదుటి మీద ఒక చుక్క పెట్టింది.

“ఇదేమి?”

“సరిచేయదగ్గది అని. ఎక్కు. ఇస్సాకు దగ్గరికి పోతాం. జరిగింది నీ నోటితో చెప్తావు.”

“నువ్వేం చెప్తావు?”

సత్యభామ లోపలికి పోయి ఇస్సాకుకని ఒబ్బట్ల డబ్బా తెచ్చింది. దాన్ని సంచిలో పెట్టి, చప్పుడయ్యేలా మూసింది.

కట్ట దిగే చోట సత్యభామ బండి వేగం పెంచింది. చంద్రశేఖర్ కళ్ళు మూసుకున్నాడు. కింద పూలామె గంప దగ్గరికి రాగానే సత్యభామ ముందు బ్రేకు పట్టింది. బండి ముక్కు వంచి, గీత గీసినట్టు అక్కడికక్కడ నిలబడింది. వెనక హెల్మెట్టు వచ్చి ముందు హెల్మెట్టును ఠక్కున కొట్టింది.

“పట్టిందా?” అంది తల తిప్పకుండా.

“పట్టింది.”

“నా చేతి పని తప్పా?”

“కాదు భామా. కానే కాదు.”

“ఇంకోసారి చూద్దాం.” బండిని తిప్పి మళ్ళీ కట్టెక్కింది. మళ్ళీ దిగింది. ఠక్కు. మళ్ళీ ఎక్కింది. ఈసారి పూలామె నోట్లో వక్క నములుతూ లేచి, గంపను అంగడి గోడ వెనక్కి ఈడ్చుకుని, అక్కడే నిలబడి పైకి చూసింది.