కిటికీ పక్క కుర్చీ

అంకుల్ పోయారన్న కబురు నాకు శనివారం పొద్దున అందింది. ఆయన ఇంటికి బయలుదేరబోతూ బూట్లు వేసుకుంటున్నాను. ఫోన్‌లో ఆయన కూతురు. "అన్నయ్యా, ఇవాళ గేమ్ లేదు," అంది ముందు. తర్వాత అసలు సంగతి చెప్పింది. "డాడీ నిద్రలోనే... హార్ట్. నువ్వు రా. మమ్మీ నిన్ను అడుగుతోంది."

మా ఊరు అరోరాలో ఆ పొద్దున మంచు పడుతోంది. కారు ఎలా నడిపానో నాకు గుర్తులేదు.

మన తెలుగు చర్చిలో అంకుల్‌ని ఎరగనివారు లేరు. రెండో వరసలో నిలబడి, పాటల పుస్తకం తెరవకుండానే చరణాలన్నీ పాడే మనిషి. రోడ్ల ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాఫ్టింగ్ ఉద్యోగం. దేశం నుంచి ఎవరు దిగినా ఎయిర్‌పోర్ట్‌కి ముందు వెళ్లే కారు ఆయనదే. ఇవన్నీ మీకు తెలిసినవే. మీలో చాలామందికి తెలియని అంకుల్ ఇంకొకరున్నారు. ఆయన శనివారాలు తన ఇంటి బేస్‌మెంట్‌లో కనిపించేవారు. ఆయన గురించి రాస్తాను.

మా పరిచయం కరపత్రంతో మొదలైంది. భూమీ సంపదా అందరికీ సమానంగా పంచాలని నేనే రాసి, నేనే జిరాక్స్ తీయించి, ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో పంచుతున్నాను. చాలామంది మడిచి జేబులో పెట్టుకున్నారు. కొందరు నా ముందే చెత్తబుట్టలో వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంకుల్ మాత్రం ఆ చలిలో నిలబడి, గ్లవ్స్ తీసి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు.

"బాగుందోయ్. పంచాలని రాశావు. ఎలా పంచాలో ఎక్కడా రాయలేదే?"

"అందరికీ సమానంగా పంచాలి అంకుల్. అంతే కదా."

"అంతేనా? అయితే శనివారం మా ఇంటికి రా. నువ్వు పంచుదువుగాని, నేను చూస్తాను."

వెళ్లాను. దెబ్బలాడటానికే వెళ్లాను. బేస్‌మెంట్‌లో పెద్ద బల్ల, దాని నిండా పరిచిన కాగితం. కాగితమంతా తేనెపట్టులా ఆరుమూలల గళ్లు. వాటిలో ఏర్లు, కొండలు, ఊళ్లు. నలుగురు ఆడే ఆట అది. ఎవరి మూల వారిది. వంతులవారీగా సైన్యాన్ని జరపాలి, ఊళ్లు పట్టుకోవాలి, ఊళ్లిచ్చే ధాన్యంతో కొత్త సైన్యం పెట్టుకోవాలి. బల్ల చుట్టూ ఉన్న నాలుగు కుర్చీలకూ పేర్లున్నాయి. ఆట మొదలుపెట్టేది కిటికీ కుర్చీ. తర్వాత మెట్ల కుర్చీ, గోడ కుర్చీ. చివరి వంతు, ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ఆనుకుని ఉన్న ఫర్నేస్ కుర్చీది.

"ఇది రాజ్యాలు ఆక్రమించుకునే ఆట అంకుల్. నేను ఆడను," అన్నాను.

"ఆడొద్దులే. ఊరికే కూర్చో."

కాసేపటికి నేను ఆయన రెండో ఊరిని ముట్టడించి లొంగిపొమ్మని కేకలు వేస్తున్నాను. మెట్ల మీంచి టీ తెస్తున్న ఆంటీ ఆగిపోయి, "ఏమండీ, ఈ అబ్బాయేనా సమానత్వం అన్నది?" అని అడిగారు. అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది, అంతలా నవ్వారు.

ఆటతోపాటు డబ్బాలో వచ్చిన మ్యాపు ఆయనకు నచ్చలేదట. ఒక మూల కూర్చున్నవాడే అన్నిసార్లూ గెలుస్తున్నాడని పక్కన పడేసి, ఆఫీసులో రోడ్లు గీసే చెయ్యే కదా, సొంతంగా గీయడం మొదలుపెట్టారు. మొదట్లో ఊళ్ల పేర్లన్నీ తన వైపు నుంచే కనబడేలా రాశారు. లంక, దిబ్బ, రేవు అని అన్నీ కోస్తా పేర్లే. హైస్కూల్లో చదివే కూతురు గోల పెట్టింది. "డాడీ, నాకు తెలుగు చదవడమే స్లో. అది కూడా అప్‌సైడ్ డౌన్ అయితే ఎలా?" మరుసటి వారానికి ప్రతి పేరూ అది ఎవరి మూలలో ఉంటే వారికేసి తిరిగింది.

ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. మ్యాపు గీసినవాడు కుర్చీ కోరుకోకూడదు. మిగతా ముగ్గురూ తమకు ఏ కుర్చీ కావాలో చీటీల మీద రాయాలి. ఒకే కుర్చీకి పోటీ వస్తే బొమ్మా బొరుసూ; ఓడినవాళ్లు మిగతావాటిలోంచి కోరుకోవాలి. అందరూ తీసుకోగా మిగిలిన కుర్చీ గీసినవాడిది. అంకుల్ వాళ్ల నాన్నగారు పొలం అలాగే పంచారట. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. "అప్పుడు గట్టు ఎక్కడ వేయాలో పెద్దవాడికి దానంతటదే తెలుస్తుంది," అనేవారు అంకుల్.

ముగ్గురం అంటే నేనూ, ఆయన కూతురూ, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసే అన్నా. చీటీలు విప్పితే అన్నిట్లోనూ కిటికీ కుర్చీయే. మొదట కదిలేవాడికి ఏరు దాటే నడిమి వంతెన అందుతుంది కదా! అంకుల్‌కి ఎప్పుడూ మిగిలేది ఫర్నేస్ కుర్చీ. వీపు కాలుతుంటే, దిండు ఒకటి అడ్డం పెట్టుకుని, చివరి వంతు కోసం కూర్చునేవారు. చాలాసార్లు ఓడిపోయేవారు. ఓడిపోయినప్పుడల్లా సంతోషంగా పెన్సిలు చెక్కుకునేవారు.

"ఆ కిటికీ కుర్చీ నాకు మిగలాలోయ్," అనేవారు. "మీరు ముగ్గురూ గెలవాలనుకుంటూనే వేరే కుర్చీలు కోరుకోవాలి. అది నాకు మిగిలిన రోజున మ్యాపు అయినట్టు."

ఆయనకు కావలసింది అదొక్కటే. ఊళ్లో ఇలాంటి ఆటలు అమ్మే షాపు ఒకటి ఏటా వసంతంలో ఈ ఆట పోటీ పెడుతుంది. అక్కడ తన మ్యాపు మీద తెలియనివాళ్లు నలుగురు కూర్చుని ఆడాలని, ఎవరూ కుర్చీ కోసం కొట్టుకోకూడదని ఆయన కోరిక.

ఒకసారి అది తీరినట్టే తీరింది. ఆ వారం చీటీలు మూడూ వేరు వేరుగా వచ్చాయి. కిటికీ కుర్చీ మిగిలింది. అంకుల్ మొహం చూడాలి! మర్నాడే మ్యాపు చుట్టి షాపుకి పట్టుకెళ్లారు. అక్కడి తెల్లవాళ్లు మ్యాపు చూసిన మరుక్షణం మా కిటికీ కుర్చీ మూల కోసం ఎగబడ్డారట. షాపాయన మ్యాపు తిరిగి చుట్టి చేతిలో పెట్టి, "ఏ మూల కావాలో నేనే తేల్చుకోలేని రోజున తీసుకురా," అన్నాడట.

అంకుల్ ఇంటికొచ్చి మమ్మల్ని ముగ్గుర్నీ నిలబెట్టి నిజం చెప్పమన్నారు. వరంగల్ అన్న తల గోక్కున్నాడు.

"ఏం జెయ్యాలె అంకుల్, ఎప్పుడు జూసినా మీరు ఆ మంట కాడ కూసుంటున్రు. పెద్దమనిషిని గట్ల కూసోబెట్టి మేం గాలికి కూసునుడేందని, నేనే గీ పోరనికి చెప్పిన. పాపకు గూడ చెప్పిన."

"అంటే మొహమాటానికి రాశారా?"

"గంతే అనుకోరాదుండ్రి."

అంకుల్ చుట్టిన మ్యాపు బల్ల మీద పెట్టారు. తర్వాత మెట్ల కింద చెప్పుల వరస చూపించారు. "ఆ మొహమాటం అక్కడ వదిలి రండి. నామీద గౌరవం ఉంటే నన్ను ఓడించడానికి రాయండి. మర్యాదకి రాసిన చీటీతో మ్యాపులో తప్పు నాకెలా తెలుస్తుంది?"

ఆ మాట నాలో ఇప్పటికీ తిరుగుతోంది. నేను చదివిన కరపత్రాల్లో శత్రువు ఎప్పుడూ దుర్మార్గుడే. మంచివాళ్లు మర్యాద కోసం నోరు మూసుకుంటే కూడా అన్యాయం అలాగే ఉండిపోతుందని వాటిలో ఏ ఒక్కటీ నాకు చెప్పలేదు.

తర్వాతి మ్యాపు నేను గీస్తానన్నాను. గీశాను కూడా. నాలుగు మూలలూ అచ్చు ఒకటే. అందరికీ అన్నే ఊళ్లు, అంతే ఏరు, ఒకే కొండ. నడిమధ్యన ఒక్క వంతెన. ఇంతకన్నా న్యాయం ఎక్కడుందని బల్ల గుద్దాను. గీసినవాణ్ణి నేనే కాబట్టి నాకు ఫర్నేస్ కుర్చీ మిగిలింది. నా వంతు వచ్చేసరికి వంతెన పోయింది. మళ్లీ వచ్చేసరికి ఏటి ఒడ్డు పోయింది. వీపు కాలుతోంది.

"అందరికీ ఒకటే ఇచ్చాను కదా!" అని అరిచాను.

"ఇచ్చావు. వంతు ఒకటే ఇవ్వలేకపోయావు," అన్నారు అంకుల్. "నలుగురూ ఒకేసారి కదలలేరోయ్. ఎవరో ఒకరు చివర ఉంటారు. ఆ చివరివాడు వచ్చేసరికి ఏం మిగులుతుందో చూసి పంచాలి."

నేను ఊరుకోలేదు. ఫర్నేస్ మూలకు ఊళ్లు పెంచాను, ధాన్యం పెంచాను. ఆ వారం చీటీలన్నీ ఫర్నేస్ కుర్చీకే వచ్చాయి. అంకుల్ పకపకా నవ్వారు. "ఇప్పుడు వాణ్ణి జమీందారుని చేశావు నాయనా!"

కోపమొచ్చి కోటు తీసుకుని మెట్లెక్కాను. ఆంటీ వంటింట్లో ఆపి, చేతిలో పులిహోర పళ్లెం పెట్టారు. "తిని వెళ్లు బాబూ. కోపంతో కారు నడపకూడదు." తింటున్నాను. కింద అంకుల్ పెన్సిలు చెక్కుతున్న చప్పుడు వినబడుతోంది. అయిపోగానే పళ్లెం కడిగి మళ్లీ కిందికే దిగాను. ఆయన నేను వెళ్లాననీ వచ్చాననీ గమనించనట్టే, "ఇలా రా, ఈ ఏరు చూడు," అన్నారు.

ఆ చలికాలమంతా ఆ ఏటి మీదే గడిచింది. చివరివాడికి తిండి ఎక్కువ పెడితే సరిపోదు, వెళ్లడానికి ఇంకో దారి ఉండాలన్నది అంకుల్ ఆలోచన. ఫర్నేస్ మూలలో ఒక రేవు పెట్టారు. వంతెన పోయినా పడవ మీద దాటొచ్చు. రేవు మరీ దగ్గరగా ఉంటే అందరం ఆ కుర్చీకే ఎగబడేవాళ్లం. దూరమైతే మళ్లీ కిటికీకే. అంకుల్ దాన్ని ఒక గడి అటు, ఒక గడి ఇటు జరిపేవారు. రబ్బరుతో చెరిపి చెరిపి ఆ చోట కాగితం పలచబడి, వెలుతురుకి పట్టుకుంటే వేళ్లు కనబడేవి.

ఆట మొదలుపెట్టే ముందు ఆయన ప్రార్థన చేసేవారు. నేను నమ్మను కాబట్టి కళ్లు తెరుచుకునే నిలబడేవాణ్ణి. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. దేవుణ్ణి గెలుపు మాత్రం ఎన్నడూ అడగలేదు. "ప్రభువా, ఈ బల్ల దగ్గర ఎవరికీ కోపం రాకుండా కాపాడు," అని, ఒక కన్ను తెరిచి నాకేసి చూసేవారు. నేను కళ్లు మూసుకోలేదు కాబట్టి ఆ కన్ను నేనొక్కణ్ణే చూశాను. ఆ భాగ్యం మీలో ఎవరికీ దక్కలేదు!

ఈ మధ్య గుండె బాగోలేదని డాక్టరు మెట్లు ఎక్కడం దిగడం తగ్గించమన్నారు. ఆంటీ బల్ల పైకి తెప్పిద్దామన్నారు. "కిటికీ అక్కడుంది, ఫర్నేస్ అక్కడుంది. కుర్చీలు మారిపోతే లెక్క మొదటికొస్తుందే," అని ఆయన ఒప్పుకోలేదు. మెట్టుకొక నిమిషం ఆగుతూ దిగేవారు.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ ఇంటికొచ్చి, భోజనాలు చేసి, వెళ్లిపోయారు. మేం ముగ్గురం ఏం చేయాలో తోచక కిందికి దిగాం. బల్ల మీద మ్యాపు పరిచే ఉంది. పోయే ముందు రోజు సాయంత్రం ఆయన రేవుని మళ్లీ ఒక గడి జరిపారని కూతురు చెప్పింది. సిరాతో దిద్దారు. అంతకుముందు ఎప్పుడూ దాన్ని సిరాతో దిద్దలేదు.

"చీటీలు రాద్దామా?" అంది పాప. ఎవరం కాదనలేదు.

వేరు వేరు మూలలకు వెళ్లి మ్యాపునే చూస్తూ నిలబడ్డాం. రాశాం. విప్పాం. అన్నది మెట్ల కుర్చీ. నాది గోడ కుర్చీ. పాపది ఫర్నేస్ కుర్చీ.

నాకు ఒక్కసారి కోపం ముంచుకొచ్చింది. "మళ్లీ మొహమాటమా? ఆయన పోయాక కూడానా?"

"ఒట్టు తమ్మీ, నీ మీదొట్టు," అన్నాడు అన్న. "కొండెనకనుంచి చుట్టు తిరిగొస్త. నీ ఊళ్లు రెండు గుంజుకుంట, సూడు."

నేను గోడ కుర్చీ ఎందుకు రాశానో చెప్పాను. వంతెన కోసం ముందున్న ఇద్దరూ కొట్టుకుంటుంటే ఏటి ఒడ్డంతా నాదే. నిజంగా గెలవాలనే రాశాను. ఇద్దరం పాపకేసి తిరిగాం. తను అంత తేలిగ్గా కిటికీ కుర్చీ వదులుకునే పిల్ల కాదు.

"నేను కూడా గెలవడానికే అన్నయ్యా." కళ్లు తుడుచుకుంటూనే వేలితో చూపించింది. "మీరందరూ మూవ్ అయ్యాక, ఎవరి ఊరు ఎంప్టీగా ఉందో నాకు కనిపిస్తుంది కదా. అప్పుడు బోట్‌లో వెళ్తా. లాస్ట్‌లో ఉండటం ఇప్పుడు మంచిదే. డాడీ ఫిక్స్ చేసేశాడు."

వసంతంలో ఆ మ్యాపు షాపుకి వెళ్తుంది. పాప తీసుకెళ్తానంది. ఎవరు ఏ మూలన కూర్చుంటారో చూడటానికి నేనూ వెళ్తాను. నా తర్వాతి కరపత్రం ఎలా రాయాలో ఇంకా తెలియదు. రాశాక, దాన్ని చలిలో నిలబడి చివరిదాకా చదివే మనిషి లేరన్నది మాత్రం తెలుసు. అయినా ఆయన చదువుతారన్నట్టే రాస్తాను.

ఆ రోజు మేం ఇంకా బల్ల దగ్గర నిలబడి ఉండగానే ఆంటీ టీ పట్టుకుని మెట్లు దిగారు. బల్ల మీది చీటీలు చూశారు. ఆట ఎన్నడూ ఆడకపోయినా ఆ చీటీల సంగతి ఆమెకు మాకన్నా బాగా తెలుసు.

"ఆయనకేది మిగిలింది?"

పాప చెయ్యి చాపి చూపించింది.

ఆంటీ కప్పులు కింద పెట్టారు. ఫర్నేస్ కుర్చీ దగ్గరికెళ్లి, ఆయన వీపుకి ఆనించుకునే దిండు తీసి, రెండుసార్లు దులిపి, తెచ్చి కిటికీ కుర్చీలో పెట్టారు. బయట ఆ రోజూ పడుతున్న మంచు అప్పటికి ఆగింది. కిటికీలోంచి వచ్చిన తెల్లటి వెలుతురు ఆ దిండు మీదా, దాని ఎదురుగా ఉన్న ఆయన సైన్యం మీదా పడుతోంది.

మేం మా మా కుర్చీల్లో కూర్చున్నాం. మొదటి వంతు ఆయనదే. ఎవరం తొందరపెట్టలేదు.