జెర్రిపోతు నాగుపాముకు మొగుడు కాదు

నా చిన్నప్పుడు మా అమ్మను మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో చేర్చి, నన్ను బి.కొత్తకోట దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో వదిలిపెట్టారు. పెద్దమ్మకు పిల్లలు లేరు. పెదనాన్న ఎప్పుడో చనిపోయాడు. ఆమె పొద్దున్నే చేనికి పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. అంతవరకు ఇంట్లో నేనూ, వేరుశనక్కాయల మూటలూ.

అమ్మ ఎప్పుడొస్తుందని ఎవరిని అడిగినా రేపో ఎల్లుండో అనేవాళ్ళు. ఆ రేపు వచ్చేది కాదు. కొన్నాళ్ళకు అడగడం మానేశాను. మూటల పక్కన కూర్చుని, ఎలుకలు కాయలు కొరికే చప్పుడు వింటూ ఉండేదాన్ని.

ఒక సాయంత్రం ఆ చప్పుడు ఆగిపోయింది. చూస్తే మూటల మీద నా కంటే పొడవైన పాము. గోధుమ రంగు ఒళ్ళు, తోక వైపు నల్లటి పట్టీలు, పెద్ద పెద్ద కళ్ళు, నోట్లో ఎలుక. నా అరుపు విని పక్కింటి మామ కట్టె పట్టుకుని వచ్చాడు. అప్పుడే చేని నుంచి వచ్చిన పెద్దమ్మ ఆయనకు అడ్డం నిలబడింది.

అది జెర్రిపోతు. మా వైపు దాన్ని నాగుపాముకు మొగుడని నమ్ముతారు. ఒకటి కనబడితే రెండోది వెనకాలే వస్తుందని దాన్ని చంపేస్తారు. మామకూ అదే భయం.

"మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుంటే పెండ్లాం రాకుండా ఉంటాదా అక్కా?" అన్నాడు.

"నాగుల్లోనే ఆడదీ మొగదీ రెండూ ఉండాయప్పా. ఇది వేరే జాతి. దీనికి విషం లేదు. ఎలకల కోసరం వచ్చింది. నువ్వు ఇంటికి పో, నీ పెండ్లాం ఎదురుసూస్తాంటాది."

మామ నవ్వుకుంటూ కట్టె దించాడు. పాము మెడ ఉబ్బించి ఒకసారి బుసకొట్టి, గోడ కింద బొక్కలోకి జారిపోయింది.

పెద్దమ్మ సంగటి కెలుకుతుంటే పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆ పాముకు అమ్మ లేదా అని అడిగాను. తల్లి ఏ బొక్కలోనో గుడ్లు పెడుతుందని, పిల్లలు బయటికి వచ్చిన నాటి నుంచి వాటి తిండి అవే వెతుక్కుంటాయని, ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతాయని చెప్పింది. మా అమ్మ కూడా అట్లే పోయిందా అని అడిగాను.

ఆమె చేతిలో తెడ్డు ఆగింది.

"మీ అమ్మ నిన్ను ఇడిసిపెట్టి పోలేదు పాపా. జబ్బు పెద్దది. వస్తాదో రాదో నాకూ తెలీదు. తెలిసిన దినం నీకే ముందు సెప్తా."

ఆ రాత్రి ఏడ్చాను. కానీ చాలా రోజుల తర్వాత నిద్ర కూడా పట్టింది.

వానలు మొదలు కాకముందు, ఒక మధ్యాహ్నం పెద్దమ్మ చేనిలో పని వదిలేసి ఇంటికి వచ్చింది. నన్ను ఒళ్ళోకి తీసుకుని, అమ్మ ఇక రాదని చెప్పింది. పిల్లకు ఇప్పుడే చెప్పొద్దని ఊళ్ళో వాళ్ళు అన్నారట. ఆమె వినలేదు. చెప్పాక మళ్ళీ చేనికి పోలేదు. చీకటి పడేదాకా నా పక్కనే కూర్చుంది.

ఇప్పుడు నాకు వయసైపోయింది. పిల్లలెవరైనా నాకు తెలియనిది అడిగితే తెలియదనే చెబుతాను. అట్లా చెప్పి వాళ్ళ పక్కనుంచి లేచి వెళ్ళడం మాత్రం నా వల్ల కాదు.